కస్తూర్బా రోడ్డు నుంచి మా వసారాదాకా

బెంగుళూరులో రెండు మూడు తరాలుగా కాపురమున్న తెలుగువారికి కస్తూర్బా రోడ్డును గురించి కొత్తగా చెప్పేదేమున్నది? కబ్బన్ పార్కు చెట్ల నీడన నడిచి, పిల్లలకు బొరుగులో ఐస్‌క్రీమో కొనిపెట్టి, విశ్వేశ్వరయ్యగారి మ్యూజియం చూపించని కుటుంబం మనలో ఉండదేమో. అయినా మొన్న ఒక శనివారంనాడు మేము అదే రోడ్డుకు వెళ్ళి, బాగా ఎరిగిన చోటనే ఎరగని సంగతులు కొన్ని చూచి వచ్చాము. ఆ మాటకొస్తే చూచినది అక్కడ కూడా కాదు. రాత్రి ఇంటికి చేరిన తరువాత, వసారాలో చాప వేసుకొని కూర్చుని చూచాము.

కారణం మా అమ్మ. ఆమెకు డెబ్బై రెండేళ్ళు. మోకాళ్ళు పట్టేసి వీధి చివరి గుడిదాకా పోవడమే గగనంగా ఉన్నది. పెళ్ళయిన కొత్తలో మా నాయనగారితో కలిసి ఆ మ్యూజియం చూచిందట. "ఇంకొక్కసారి చూస్తే బాగుండును" అని ఏడాదిగా అంటూనే ఉన్నది. చక్రాల కుర్చీలో తీసుకుపోతామంటే మాత్రం "నేనింకా అంతదాకా రాలేదు" అని కోప్పడుతుంది.

మా మేనల్లుడొకడు సెలవు దినాలలో మోటారు సైకిలు వేసుకొని కొండలెక్కి తిరుగుతాడు. వాడి దగ్గర అగ్గిపెట్టెకు అన్నలాంటి చిన్న కెమెరా ఉన్నది. తలకు కట్టుకోవచ్చు, పట్టీలతో రొమ్ముకు బిగించుకోవచ్చు. చేతులు రెండూ ఖాళీగానే ఉంటవి. మనిషి ఎటు తిరిగితే అది అటు చూస్తుంది, మాటలు కూడా వింటుంది. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి దానిని రెండు వారాలకు అరువడిగి తెచ్చింది. "అవ్వ రాలేకపోతే అవ్వ కళ్ళను నేను తీసుకుపోతాను" అన్నది. పైగా వాళ్ళ బడిలో, ఇంటిలోని పెద్దలు చేసే పని ఏదైనా ఒకటి చిత్రంగా తీసుకొని రమ్మన్నారట. ఒక్క కెమెరాతో రెండు పనులూ అవుతాయని మేమూ సరేనన్నాము.

మల్లేశ్వరం దాపున సంపిగె రోడ్డు స్టేషనులో మెట్రో ఎక్కి, మెజెస్టిక్‌లో దిగి, ఊదారంగు మార్గానికి మారాము. అక్కడినుంచి మొదటి స్టేషను పేరే సర్ ఎం. విశ్వేశ్వరయ్య, సెంట్రల్ కాలేజి. ఆయన చదివిన కాలేజీ అదే. మైసూరు వారు ఆయనను తమవాడంటారు, న్యాయమే. ఆయన పుట్టినది ముద్దేనహళ్ళి. ఇంటిపేరు మాత్రం గిద్దలూరు ప్రాంతపు మోక్షగుండానిది. పూర్వీకులు అక్కడినుంచి వచ్చినవారు. మనబోటి వలస కుటుంబమే అన్నమాట! ఈ సంగతి ఆ స్టేషను దాటినప్పుడల్లా మా అమ్మాయికి చెబుతాము. "తెలుసు నాన్నా" అంటుంది. ఈసారీ అన్నది. కెమెరా అప్పటికే నడుస్తున్నదని మాకు తరువాత తెలిసింది.

కబ్బన్ పార్కు స్టేషనులో దిగి, విక్టోరియా రాణి విగ్రహం మీదుగా నడిచాము. ఎడమప్రక్క వాహనాల హోరు, కుడిప్రక్క వెదురుపొదలు. 1877లో కట్టిన ఎర్రని ప్రభుత్వ మ్యూజియం, వెంకటప్ప చిత్రశాల, మన మ్యూజియం, అన్నీ ఆ ప్రక్కనే. 1962 ఏప్రిల్‌లో విశ్వేశ్వరయ్యగారు నూరేళ్ళు దాటి కన్నుమూశారు. అదే సంవత్సరం జులైలో నెహ్రూగారు వచ్చి ఈ భవనాన్ని ప్రారంభించారు. మూడు నెలలు ఆగితే పెద్దాయన తానే చూచి ఉండేవాడు. ముఖద్వారం దగ్గర కదిలే డైనోసారు బొమ్మను చూచి చిన్నపిల్లలు కేరింతలు కొడుతున్నారు. టిక్కెట్టు తీసుకొనే చోట కెమెరా విషయం దాచకుండా చెప్పి, అడిగిన మీదటనే లోపలికి వెళ్ళాము.

లోపల ఏమేమి ఉన్నవో పట్టిక రాయబోము, అందరూ ఎరిగినవే. ఇంజన్ల హాలులో పిడి తిప్పితే కదిలే పళ్ళచక్రాలు, రైట్ సోదరుల విమానానికి అచ్చుగుద్దినట్లున్న నమూనా, అంతరిక్ష విభాగం. ఈ చివరిదాని దగ్గర మేము కాస్త ఎక్కువసేపు నిలిచాము. దానికి కారణం మా చిన్నమామ.

1975 ఆగస్టు నుంచి 1976 జులై వరకు, సరిగ్గా ఒక్క ఏడాది, అమెరికావారి ఉపగ్రహమొకటి మన దేశానికి అరువుగా వచ్చింది. దాని సాయంతో ఆరు రాష్ట్రాలలోని 2,400 గ్రామాలకు టెలివిజను పాఠాలు పంపారు. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక రెండూ ఆ ఆరింటిలోవే. ఇక్కడ బిజాపూరు, గుల్బర్గా, రాయచూరు జిల్లాలను ఎన్నుకున్నారు. మా అమ్మ పుట్టిల్లు రాయచూరు జిల్లాలో, తెలుగూ కన్నడమూ కలగలిపి మాట్లాడే పల్లె. చిన్నమామకు అప్పుడు పదేళ్ళు. బడి మీద తీగవలతో అల్లిన పెద్ద గొడుగును బోర్లా కాక వెల్లకిలా పెట్టారనీ, వానకు అందులో నీళ్ళు నిలుస్తాయని ఊరివారు పందెం కాశారనీ చెబుతాడు. వల గదా, నిలవలేదు. ఉదయంపూట బడిపిల్లలకు ఒక్కొక్క భాషలో ఇరవై రెండున్నర నిమిషాల పాఠం. కరెంటు ఉంటే పాఠం, లేకుంటే ఆట.

అప్పుడు బొమ్మ ఆకాశంనుంచి దిగివచ్చేది, పిల్లవాడు నోరు తెరుచుకొని చూచేవాడు. వాడికి అందులో ఏది పట్టుబడిందో తెలుసుకోవడానికి పరిశోధకులు ఆ పల్లెలకు పోయి, అక్కడే కాపురముండి, అడిగి రాసుకోవలసి వచ్చింది. 2004 సెప్టెంబరులో శ్రీహరికోట నుంచి కేవలం చదువుకోసమే ఎడ్యుశాట్ అనే ఉపగ్రహాన్ని పంపినప్పుడు కూడా దారి అదే, పైనుంచి క్రిందికి. దాని తొలి ప్రయోగాలలో మన విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయానికీ చోటిచ్చారు. ఇన్ని జరిగిన ఊరు మనది. అంతరిక్ష సంస్థ ప్రధాన కార్యాలయం ఉన్న ఊరు. ఇప్పుడు మా అమ్మాయి రొమ్ము మీద మెరుస్తున్న ఆ చిన్న డబ్బా దారిని తిరగేసింది. పిల్ల ఏమి చూచిందో అది పట్టుకొని ఇంటికి తెస్తుంది.

ఈ డబ్బాల పుట్టుక చదువుకోసం కాదు. నిక్ వుడ్‌మన్ అనే కాలిఫోర్నియా యువకుడు సముద్రపు అలలమీద పలక ఎక్కి ఆడుతూ తన ఆటను తానే తీసుకోవాలనుకొని, 2002లో గోప్రో కంపెనీ పెట్టి, 2004లో మణికట్టుకు కట్టుకొనే కెమెరా అమ్మాడు. దానిలో మామూలు ఫిల్ము చుట్టే. దాదాపు ఆ కాలంలోనే ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు మెడలో తగిలించుకొనే సెన్స్‌కామ్ చేశారు. అది ఎవరూ నొక్కకుండానే కొద్ది కొద్ది సేపటికి ఒక్కొక్క బొమ్మ తీసుకొనేది. జ్ఞాపకశక్తి దెబ్బతిన్న రోగి ఒకామె ఆ బొమ్మలను మళ్ళీ మళ్ళీ చూచి, గడిచిన దినాలను తిరిగి గుర్తు తెచ్చుకోగలిగిందట. 2013లో గూగుల్ వారి కళ్ళజోడు పెట్టుకొని వాండెన్ హ్యూవెల్ అనే భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు స్విట్జర్లండులోని అణుకణ పరిశోధనశాల సొరంగంలోకి వెళితే, అమెరికాలోని విద్యార్థులు దానిని అప్పటికప్పుడే చూచారు. ఆ కళ్ళజోడు జనానికి నచ్చలేదు. ఎదుటివాడు మనను తీస్తున్నాడో లేదో తెలియకపోవడం ఎవరికి నచ్చుతుంది? 2015లో అంగట్లో అమ్మకం ఆపివేశారు. అయినా కెమెరా కళ్ళజోళ్ళు వేరే కంపెనీల పేర్లతో మళ్ళీ వచ్చినవి, మన దేశంలోనూ అమ్ముతున్నారు.

రాత్రి భోజనాలయ్యాక వసారాలో టెలివిజను పెట్టెకు కెమెరాను తగిలించాము. అమ్మ కళ్ళద్దాలు తుడుచుకొని కూర్చున్నది. మొదట కొంతసేపు తల తిరిగిపోయింది, బొమ్మ అంతా ఊగుతున్నది గదా! ఆ తరువాత అమ్మ "ఆగు, ఆగు" అనడం మొదలుపెట్టింది. ఇంజన్ల హాలు దగ్గర, "ఇదిగో, మీ నాయన ఇక్కడే చొక్కాకు నూనె మరక చేసుకున్నది" అన్నది. మాకు ఎన్నడూ తెలియని మరక.

పళ్ళచక్రాల దగ్గర బొమ్మ కదలకుండా నిలిచిపోయింది. అక్కడ మా అమ్మాయి చాలాసేపు ఊరికే నిలబడిందని మాకు గుర్తున్నది, పరధ్యానమనుకున్నాము. ఇప్పుడు దాని గొంతు చిన్నగా వినబడింది. అక్కడి పలకల మీద కన్నడమూ హిందీయూ ఇంగ్లీషూ ఉన్నవి. తెలుగు లేదు, ఉండాలని అడగడానికీ లేదు. అది కన్నడం చదువుకుంటున్నది, ఇంగ్లీషు చదువుకుంటున్నది, ఆ మీదట "అవ్వకు ఏమని చెప్పాలి... పళ్ళచక్రం... పళ్ళున్న చక్రం... అవ్వా, ఇది తిప్పితే అది రివర్సు తిరుగుతుంది" అని తనలో తాను గొణుక్కుంటున్నది. 'రివర్సు'కు మాట దొరక్క ఇంకోసారి మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడు మా గొంతు. "రా, రా, వేళవుతున్నది, అక్కడేముంది?"

ఆ తరువాత మాకు తోచి లెక్కపెట్టాము. నలభై ఏడు నిమిషాల చిత్రంలో "రా, రా" అని ఇరవై మూడుసార్లు అన్నాము. ఒక్క చోటనైనా "ఏం చూస్తున్నావమ్మా?" అని అడగలేదు.

అమ్మ నవ్వింది. "నువ్వూ ఇట్లాగే నిలబడిపోయేవాడివిరా. ఆయన గోడకానుకొని కాచుకొని ఉండేవాడు" అన్నది. అంతకన్నా ఏమీ అనలేదు.

మరొక చోట, విమానపు నమూనా దగ్గర, ఎవరో తండ్రి కొడుకును వీపుమీద ఒకటి వేశాడు. పిల్లవాడు వెక్కివెక్కి ఏడుస్తూ నేరుగా కెమెరావైపు చూచాడు. వాడికి అది కెమెరా అని తెలియదు. మేమందరం ఒక్కక్షణం మాట్లాడలేదు. "ఇది బడిలో చూపిస్తే వాడెవరో గుర్తుపడతారు నాన్నా" అని మా అమ్మాయి అప్పటికప్పుడే ఆ భాగం తుడిచివేసింది. 2023లో పార్లమెంటు చేసిన సమాచార రక్షణ చట్టం ప్రకారం, పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లల వివరాలను సంస్థలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల ఒప్పుదల కావాలి. మన ఇంటి వసారాకు ఆ చట్టం వర్తించదు కాబోలు. పిల్లకు చట్టం తెలియదు, ఆ పిల్లవాడి మొహం తెలుసు.

ఇక్కడ కుప్పం సంగతి ఒకటి జ్ఞాపకం వస్తున్నది. బెంగుళూరు నుంచి జోలార్‌పేట దారిలో ఉన్న మన తెలుగు ఊరు. 2002లో హ్యూలెట్ పకార్డ్ కంపెనీ ఆంధ్ర ప్రభుత్వంతో కలిసి అక్కడ కంప్యూటరు పరిజ్ఞానాన్ని పల్లెలకు చేర్చే ప్రయత్నమొకటి మొదలుపెట్టింది. దానిలో భాగంగా స్వయంసహాయక సంఘాల మహిళలకు డిజిటలు కెమెరా, అచ్చువేసే చిన్న యంత్రం, వాటికి ఎండతో నడిచే కరెంటు పలక ఇచ్చారు. వాళ్ళు ఆ సరంజామా మోసుకొని పెళ్ళిళ్ళకూ జాతరలకూ పోయి ఫోటోలు తీసి, అక్కడికక్కడే అచ్చువేసి ఇచ్చేవారు. ఒంటిమీద మోసే కెమెరాయే అదీ. అయితే ఆ ఫోటో తీయించుకొనేవాడు తల దువ్వుకొని నిలబడేవాడు, బొమ్మ తన చేతికే వచ్చేది. మా అమ్మాయి రొమ్మున కట్టుకున్నది ఎవరినీ తల దువ్వుకోనివ్వదు.

మర్నాడు ఆదివారం రెండో పని. ఇంటి పెద్దలు చేసే పని అన్నారు గదా, అవ్వ పూలు కట్టడం తీస్తానన్నది మా అమ్మాయి. మల్లేశ్వరం అంగట్లో పావుకిలో మల్లెమొగ్గలు, ఒక కట్ట అరటినార తెచ్చాము.

అమ్మ దండ కడితే చూడముచ్చటగా ఉంటుంది. రెండు మొగ్గలు ఇటు, రెండు అటు, నార చుట్టి ఒక మెలిక, వేలితో బిగింపు. తలెత్తి మాట్లాడుతూనే మూరెడు కట్టేస్తుంది. మా అమ్మాయి మూడేళ్ళుగా నేర్చుకోవాలని ప్రయత్నించి విసిగిపోయింది. అవ్వకు ఎదురుగా కూర్చుంటుంది. అవ్వ కుడిచెయ్యి దానికి ఎడమప్రక్క కనబడుతుంది. మెలిక తిరగబడి, రెండో ముడికే మొగ్గలు జారిపోతవి. ప్రక్కన కూర్చుంటే అవ్వ మోచెయ్యి అడ్డం.

కెమెరాను అమ్మ రొమ్ముకు కట్టాము. మొదటిసారి గోడమీది క్యాలెండరు తప్ప ఏమీ పడలేదు. క్రిందికి వంచితే పమిట జారి కెమెరా కళ్ళు మూసింది. పమిట బొడ్డున దోపి, పీటమీద కూర్చోబెట్టిన తరువాత మూడోసారికి కుదిరింది. ఆ బొమ్మను లాప్‌టాపులో పెట్టుకొని మా అమ్మాయి నార పట్టుకొని కూర్చున్నది. తెరమీది చేతులు అవ్వవి, కాని ఉన్నవి తన చేతులు ఉండవలసిన చోట. అవ్వ కుడి తన కుడే. ఆపి, వెనక్కు తిప్పి, మళ్ళీ చూచి, గంట తిరిగేసరికి జానెడు దండ కట్టింది. వంకరగానే ఉన్నది, కాని జారలేదు. 2017లో ఫియొరెల్లా, మేయర్ మొదలైన పరిశోధకులు విద్యుత్తు తీగల కూర్పు నేర్పే పాఠాలను రెండు రకాలుగా తీసి చూపించారట. ఎదుటినుంచి తీసినదానికన్న, చేసేవాని కంటి కోణంలోంచి తీసినది చూచినవారే ఆ పని బాగా చేశారని తేల్చారు. మా వసారాలో తేలినదీ అదే.

కాని ఆ చిత్రంలో ఇంకొకటి ఉన్నది. చేతులు పనిలో పడితే అమ్మకు మాట ఆగదు. కెమెరా ఉన్నదన్న సంగతి పది నిమిషాలకే మరిచిపోయింది. మేము ఆ సమయానికి కూరగాయలకు పోయి ఉన్నాము. సాయంత్రం మా అమ్మాయి "నాన్నా, మీరొకసారి వినండి" అని లాప్‌టాపు తెచ్చి మా ముందు పెట్టి, తాను లోపలికి పోయింది.

మొగ్గలు, నార, ఆ రెండు చేతులు, అమ్మ గొంతు. "అప్పుడు తాతకు ఫ్యాక్టరీ మూతబడింది గదా. ఏడు నెలలు. మీ నాయనకు ఎస్సెల్సీ ఫీజు కట్టాలి. ఎవరిని అడిగేది? సిటీ మార్కెట్టు దగ్గర పూలకొట్టు ఆయన మొగ్గలు ఇస్తే మధ్యాహ్నం పూట కట్టేదాన్ని. మూరకు ఇంతని ఇచ్చేవాడు. మీ నాయన బడినుంచి వచ్చేలోగా అంతా సర్దేసేదాన్ని. చేతికి వాసన పోయేది కాదు. గుడికి పోయొచ్చానని చెప్పేదాన్ని."

అది 1995 మాట. మాకు పదహారేళ్ళు. ఆ రోజులలో ఇంటికి రాగానే అమ్మ దగ్గర మల్లెపూల వాసన వేసేది, అది బాగా జ్ఞాపకం. గుడికి అంత తరచుగా పోతున్నదేమా అని అనుకున్నదీ జ్ఞాపకమే. ఆ పరీక్ష పాసయినందువల్లనే గదా మాకు ఈ గుమాస్తా ఉద్యోగం. ముప్ఫై ఏళ్ళు మాకు చెప్పని మాట మనుమరాలికి చెప్పింది. అదీ చెప్పాలని కాదు, చేతులు నడుస్తున్నవి గనుక.

మళ్ళీ ఒకసారి విన్నాము. తరువాత వసారాలో కాసేపు ఊరికే కూర్చున్నాము. మా ఆవిడ కాఫీ తెచ్చిపెట్టి ఏమీ అడగకుండా పోయింది.

ఆ భాగం బడికి పోకూడదని మేము నిశ్చయించుకున్నాము. నలభై మంది పిల్లల ముందు, టీచర్ల ముందు, మా ఇంటి లేమి ఎందుకు? మాటలు తీసివేసి చేతులు మాత్రం ఉంచమని అమ్మాయికి చెప్పాము. అది తల అడ్డంగా ఊపింది. "మాటలు అవ్వవి. అవ్వను అడగండి" అన్నది. నిన్న ఏడ్చిన పిల్లవాడి సంగతిలో అది చేసినది చూచినవాళ్ళము, కాదనలేకపోయాము.

అమ్మకు వినిపించాము. కళ్ళద్దాలు సర్దుకొని తెరకు దగ్గరగా వంగి, మొదటినుంచి చివరిదాకా చూచింది. మాట దగ్గర మొహంలో ఏ మార్పూ లేదు. ఒకచోట మాత్రం "అయ్యో, ఆపు" అన్నది. మేము గుండె పట్టుకున్నాము.

"ఇక్కడ చూడు, మొగ్గలు మూడు పడ్డవి. నాలుగు పడాలి. ఆ ముడి వదులు. ఇది బడిలో చూపిస్తారా? సిగ్గుచేటు."

"మాటల సంగతి, అమ్మా?" అన్నాము.

"మాటలకేం? జరిగిందే గదా. ఆ ముడి తీసేయమను" అన్నది.

ముడి ఒక్కటి తీసివేయడం కుదరదని మా అమ్మాయి చాలాసేపు నచ్చచెప్పింది. అమ్మ ఒప్పుకోలేదు. చివరికి శుక్రవారం మళ్ళీ మొగ్గలు తేవాలనీ, మొత్తం తిరిగి తీయాలనీ తీర్మానమయింది. ఈసారి పావుకిలో చాలదట, అరకిలో తెమ్మన్నది. కెమెరాను ఇంకొక వారం ఉంచుకుంటామని మేనల్లుడికి కబురు పంపాము.